వేడన్నానికి మొహం వాచిన రాజు

రాతిపలక మీద చెక్కినదాన్ని నమ్మేవాళ్ళు నమ్మండి. మా రాజు మిన్ తీలా గారు పుట్టిన రోజున ఇరావతి పాలరంగుకు తిరిగిందనీ, పట్టపుటేనుగు మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరించిందనీ దాని మీద ఉంది. ఆ రోజు కోట వంటశాలలో మా అమ్మ ఉంది. నది ఎప్పటిలాగే బురదగా ఉందట. ఏనుగు కూర్చున్న మాట నిజమేగానీ దానికి అప్పటికే కాలికి పుండు. రాజుగారి ఎదురుగా కూర్చుని చెక్కినవాడు ఇంకేం చెక్కుతాడులెండి, వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు.

నా పేరు మి న్యో. తన్‌బిన్ కోటలో వంటశాల నాది. రాజ్యం ఎవరిదైనా గరిటె నాదే. ఆయన ఏలుబడి మొదలైంది నా పొయ్యి దగ్గర, ముగిసింది నా చేతి మీదుగా. అందుకని నేను చెప్పేది వినండి.

ముందు జాతకం సంగతి. బిడ్డ పుట్టగానే ఆస్థాన జ్యోతిష్కుడు సయా గవీ వచ్చి, తాటాకు మీద గీతలు గీసి, వేళ్ళు మడిచి విప్పి, "ఈ బిడ్డ ఒక పగోడా కట్టిస్తాడు. దాని కొనమీదికి బంగారు గొడుగు ఎక్కిన రోజున ఇతని ఏలుబడి ముగుస్తుంది" అన్నాడు. చచ్చిపోతాడని అనలేదు, గుర్తుపెట్టుకోండి. కానీ ఏలుబడి ముగియడమంటే మా దేశంలో చావే కదా. సింహాసనం దిగి చెప్పులేసుకుని ఇంటికెళ్ళిన రాజును ఎవరు చూశారు?

తండ్రి పోయిన రోజు పొద్దున్నే పెద్దన్న సింహాసనం ఎక్కాడు. పెద్దన్నను చిన్నన్న పొడిచి తను ఎక్కాడు. చిన్నన్నను పెద్దన్న మనుషులు పొడిచారు. పొద్దువాలేసరికి కోటలో రాజరక్తం ఉన్న మగవాడు ఒక్కడే మిగిలాడు, ఆయన మా బియ్యపు గాదె వెనక దాక్కుని ఏడుస్తున్నాడు. మీసాలొచ్చిన మనిషి, చూడలేకపోయాను. నేనప్పుడు కొత్తగా పనిలో చేరినదాన్ని. ఉడుకుడుకు అన్నంలో నువ్వులనూనె పోసి, అప్పుడే వేయించిన వెల్లుల్లి కలిపి, ఆకులో పెట్టి అందించాను. రెండు ముద్దలు తిన్నాడో లేదో, మంత్రులు తలుపు తోసుకొచ్చి కాళ్ళ మీద పడ్డారు. చంపడానికొచ్చారనుకుని ఆయన కెవ్వున అరిచాడు. ఆ అరుపునే రాతిపలక మీద సింహనాదం అని చెక్కారు.

మూడో ముద్ద ఆయన చేతిలోనే చల్లారిపోయింది. ఆ తర్వాత ఆయన వేడన్నం ఎరగడు.

ఎందుకంటారా? విషం భయం. నేను వండిన కూర ముందు నేను తినాలి. తర్వాత రుచి చూసేవాడు తినాలి. వాడి మీద నమ్మకం లేక వాడి మీద ఇంకొకడు. ఆ ముగ్గురం వరసగా కూర్చుని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ఉంటే, ఎవరూ పడిపోవడం లేదని రూఢి చేసుకున్నాక, డోలూ సన్నాయీ ముందు నడవగా పళ్ళేలు కొలువుకు వెళ్ళేవి. అప్పటికి పులస కూర మీద నూనె గడ్డకట్టి ఉండేది. గోంగూర, వెదురుకొమ్ముల పులుసు మీద మీగడలాగా తెట్టు. ఆయన వేలితో ఆ తెట్టు తీసి పక్కన పెట్టి నిట్టూర్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. అంత వంట వండి, చల్లార్చి పెట్టడం వంటమనిషికి చావుతో సమానం.

ఇక పట్టపురాణి సో సందా. మా దగ్గర పట్టపురాణి సింహాసనంతో పాటే వస్తుంది. అంటే ఒక్క రోజులో ముగ్గురు రాజులకు రాణి అయిన మనిషి ఆవిడ. దేనికీ బెదరదు. దర్బారులో తీర్పులు చెప్పేది రాజుగారే గానీ తెర వెనక ఆవిడ ఒకసారి దగ్గితే అవును, రెండుసార్లు దగ్గితే కాదు. ఆవిడకు నిజంగా జలుబు చేసిన వారంలో నలుగురు దొంగలు విడుదలయ్యారు.

ఆ దర్బారులో జరిగిన గేదె తగువు ఒకటి చెప్పాలి, తర్వాత అవసరపడుతుంది. మా దగ్గర తగువంటే వాది ప్రతివాది మధ్యన లఫెట్ పళ్ళెం పెడతారు. లఫెట్ అంటే ఊరేసిన తేయాకు. తగువు తేలాక ఇద్దరూ చెరో చిటికెడు నోట్లో వేసుకుంటారు. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు, బ్రహ్మదేవుడొచ్చినా ఎత్తకూడదు. తినేదాకా మాత్రం ఇద్దరూ ఇల్లు విడిచి వేరే పనికి పోకూడదు. తీర్పు రాకముందే ఎవడైనా తిన్నాడా, నాకిక తగువు లేదు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని ఒప్పుకున్నట్టు.

ఒక రైతు గేదెను పొరుగువాడు కట్టేసుకున్నాడు. రైతుదే న్యాయం, ఊరంతా ఎరుగుదురు. పాపం వాడు ఆవేశంగా వాదిస్తూ, అలవాటు కొద్దీ చెయ్యి చాచి లఫెట్ నోట్లో వేసుకున్నాడు. అంతే. గేదె పొరుగువాడి కొట్టంలోనే ఉండిపోయింది. రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, "నోరు ఆపుకోలేనివాడికి గేదె ఎందుకయ్యా?" అన్నారు. కొలువంతా నవ్వింది. రైతు ఏడ్చుకుంటూ పోయాడు.

ఇప్పుడు నా గోడు.

పగోడా కట్టించని రాజును మా జనం రాజనరు. అందుకని ఆయన పట్టాభిషేకమైన ఏడే పునాది తీయించాడు. దానికి పెద్దమేస్త్రీ మా ఆయన, కో యాన్. అప్పుడే మా పెళ్ళయింది. కొత్త పెళ్ళికొడుకు, ఒంట్లో పొగరు. పునాదిలో బుద్ధుడి ధాతువు పెట్టేటప్పుడు అందరి ముందూ చెయ్యెత్తి, "కొనమీద గొడుగు ఎక్కేదాకా నా ఇంటి మెట్టు ఎక్కను" అని ఒట్టేశాడు. రెండు మూడు వానాకాలాల పని అనుకున్నాడు, వెర్రిబాగులవాడు. రాజుగారి జాతకం వాడికేం తెలుసు?

పని కొనదాకా వచ్చేది. రాజుగారు వచ్చి కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూసేవారు. ఒకసారి పైన కాకి వాలింది, అపశకునం, పడగొట్టండి అన్నారు. ఇంకోసారి కొన మీద చెక్కిన తామరమొగ్గ ముల్లంగి దుంపలాగా ఉందన్నారు. మరోసారి కలలో తాతగారు కనపడి మొహం చిట్లించారన్నారు. పై అంతస్తులు పడగొట్టడం, మళ్ళీ డంగు సున్నం నూరడం, మళ్ళీ పరంజా కట్టడం. మేస్త్రీల పిల్లలు మేస్త్రీలయ్యారు. వాళ్ళకూ పెళ్ళిళ్ళయ్యాయి. మా ఆయన తల ముగ్గుబుట్టయింది. ఇంటి మెట్టు మాత్రం ఎక్కలేదు. పరంజా కింద పాకలో పడుకునేవాడు, నేను గంపలో అన్నం మోసేదాన్ని. మరి మీకు పిల్లలెలా పుట్టారే అని ఊళ్ళో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. మావి స్తంభాల మీద ఇళ్ళు కదా, మెట్టు ఎక్కనని ఒట్టేశాడు గానీ ఇంటి కింద నీడకు రానని ఒట్టేయలేదు. అది మా సొంత విషయం.

పోయిన వానాకాలంలో ఒకరోజు నేను గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళేసరికి కింద జనం గుమిగూడి నవ్వుతున్నారు. పైకి చూస్తే మా ఆయన. కాలు జారి పడబోయి, కట్టుకున్న పంచె వెదురు బద్దకు చిక్కుకుని, గబ్బిలంలాగా తలకిందులుగా వేలాడుతున్నాడు. చేతిలో తాపీ మాత్రం వదల్లేదు. "ఏమయ్యా, అన్నం అక్కడికే పంపించమంటావా?" అని అరిచాను. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. కుర్రాళ్ళు ఎక్కి దింపారు. ఆయన గంజి తాగబోతే ముంత పళ్ళకు తగిలి టకటకా చప్పుడు చేసింది. వంటశాలకు తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. అప్పుడు పట్టుకుంది నాకు వణుకు. ఈసారి పంచె చిక్కుకుంది, వచ్చేసారి చిక్కుకోదు. ఆ ముసలాడు ఇంటి మెట్టు ఎక్కకుండానే పోతాడని తెలిసిపోయింది. భోరున ఏడ్చాను.

ఆ పూట రాణిగారికి గంజి నేనే తీసుకెళ్ళాను. ఒక గుటక తాగి నా మొహంకేసి చూసింది.

"ఏంటే న్యో, ఉప్పు వేయలేదు? నీ కన్నీళ్ళు సరిపోతాయనుకున్నావా?"

"అమ్మగారూ, మా ఆయన చచ్చిపోతాడు."

"అందరి మొగుళ్ళూ చచ్చిపోతారే. నాకు ఒక్క రోజులోనే ఇద్దరు పోయారు."

"మీకు మూడోవాడు దొరికాడు తల్లీ, నాకెవడు దొరుకుతాడు? ఆ గొడుగు పైకెక్కితే మావాడు కిందికి దిగుతాడు. మీ ఆయనగారు ఎక్కనివ్వడు."

రాణిగారు గంజి పక్కన పెట్టింది. ఎవరూ పైకి అనని మాట నేను అనేశాను. తల తీయిస్తుందేమో అనుకున్నాను. ఆవిడ కిటికీలోంచి ఆ కొన లేని పగోడాకేసి చూసి, "దాన్ని చూసి చూసి నాకూ విసుగు పుట్టిందిలే. పో, ఈసారి ఉప్పేసి తీసుకురా" అంది.

మర్నాడు రాజుగారి భోజనం దగ్గర నేను విసనకర్ర పట్టుకుని ఉన్నాను. రాణిగారు తాంబూలం చుడుతూ, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగింది.

"సన్యాసికి ఏలుబడి ఉంటుందా అండీ?"

"సన్యాసికి భిక్షాపాత్ర తప్ప ఏముంటుంది? ఆస్తీ ఉండదు, ఆలీ ఉండదు" అన్నారు రాజుగారు, చల్లారిన చేప నములుతూ.

"అదే అనుకున్నా. పాపం గ్రహాలు. గొడుగు ఎక్కే రోజున మీరు కాషాయంలో ఉంటే ఎవరి ఏలుబడి ముగించాలో తెలీక తిప్పలు పడతాయి."

రాజుగారి నమలడం ఆగిపోయింది. మావాళ్ళలో ప్రతి మగాడూ ఎప్పుడో ఒకప్పుడు నాలుగు రోజులైనా కాషాయం కట్టి మళ్ళీ ఇంటికి రావడం ఉన్నదే. అందులో వింతేం లేదు. ఆయన కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి.

"సందా! నాకొక ఆలోచన వచ్చింది."

"మీకు రాక ఎవరికొస్తాయి?"

"నేను వారం రోజులు కాషాయం కడతా. ఆ వారంలో గొడుగు ఎక్కించేస్తారు. గ్రహం వస్తుంది, చూస్తుంది, రాజు లేడు, పోతుంది! వారం తర్వాత నేనొచ్చి కూర్చుంటా. ఈలోగా సింహాసనం..."

"ఎవరో ఒకరు దుమ్ము దులిపి పెడతారులెండి. తప్పేదేముంది, నేనే కూర్చుంటా."

సయా గవీని పిలిపించారు. ముసలాయన గజగజలాడుతూ, "గ్రహాలను మోసం చేయొచ్చా ప్రభూ..." అని మొదలుపెట్టి, రాజుగారి మొహం చూసి, "చేయొచ్చు, చేయొచ్చు, అవి చాలా దూరంలో ఉంటాయి కదా" అని ముగించాడు.

రాజుగారి తల గొరిగి, కాషాయం కట్టించి విహారానికి పంపారు. రాణిగారితో సహా అందరం సాష్టాంగపడ్డాం. గొడుగు ఎక్కించే రోజు వచ్చింది. అబ్బ, ఏం చెప్పను! మా ఆయన తనే ఎక్కుతానని పట్టుబట్టాడు. ఆయన ఎక్కుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకుని బుద్ధుడికీ, ముప్పై ఏడుగురు నాట్ దేవతలకీ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మొక్కాను. పైనుంచి గొడుగు గంటలు గలగలా మోగాయి. కళ్ళు తెరిచేసరికి బంగారు గొడుగు ఎండలో ధగధగలాడుతోంది, దాని కింద మా ముసలాడు చిన్నపిల్లాడిలాగా చేతులూపుతున్నాడు. జనం ఏడ్చారు. విహారంలో మాజీ రాజుగారు తన నాడి తనే పట్టుకుని కూర్చున్నారట. బతికే ఉన్నానని రూఢి అయ్యాక గట్టిగా నవ్వితే పెద్దస్వామి కసిరారట.

సాయంత్రం మా ఆయన ఇంటి ముందుకొచ్చాడు. స్నానం చేశాడు, ఉతికిన పంచె కట్టాడు. కుడికాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. సరిగ్గా అప్పుడు సయా గవీ రొప్పుకుంటూ వచ్చాడు.

"ఆగవయ్యా మేస్త్రీ! విహారం నుంచి వస్తున్నా. ఆయనకు కొత్త భయం పట్టుకుంది. వారం తర్వాత మళ్ళీ సింహాసనం ఎక్కాక కూడా గొడుగు పైనే ఉంటుంది కదా, గ్రహం తిరిగొస్తే అనుకుంటున్నాడు. రాగానే గొడుగు దింపించి, కొన పడగొట్టిస్తాడట."

"ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే!" అని నేను ముసలాయన మీద విరుచుకుపడ్డాను. "నీ జాతకం మండ! పుట్టిన రోజున నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

కో యాన్ మాత్రం కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎక్కవయ్యా! గొడుగు ఎక్కింది, ఒట్టు తీరింది."

"దింపేస్తే తీరనట్టే కదే. దింపడానికీ, మళ్ళీ ఎక్కించడానికీ పైకెక్కాల్సింది నేనేగా. పాకకు పోతాలే."

"నీ మోకాళ్ళు చూసుకున్నావా?"

"చూసుకున్నా" అన్నాడు. తలొంచుకుని పరంజా వైపు నడిచాడు. రాజుగారు తిరిగొచ్చి సింహాసనం ఎక్కితే నా మొగుడు పరంజా ఎక్కుతాడు, ఎక్కినవాడు దిగడు.

ఆ వారం రోజులూ పొద్దున్నే కాషాయం కట్టినవాళ్ళు వరసగా భిక్షకు వచ్చేవారు. చివర్న ఆయన. స్వాములు తల ఎత్తకూడదు, అడగకూడదు, పెట్టింది పట్టుకుని ముందుకు పోవాలి. నేను మా ఇంటి ముందు కుండ దించుకుని, పొగలు కక్కే అన్నం, పొయ్యి మీది చేపల పులుసు ఆయన పాత్రలో వేశాను. కోపం ఉంటే మాత్రం, అన్నం దగ్గర చూపిస్తానా? ఆయన పాత్ర మీద మొహం పెట్టి ఆవిరి పీల్చాడు. కదల్లేదు. వెనక ఎవరూ లేరుగానీ ముందున్న స్వామి తిరిగొచ్చి మోచేత్తో పొడవాల్సి వచ్చింది. మర్నాడూ అంతే. మూడోనాడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుచి చూసేవాళ్ళు లేరు, సన్నాయి లేదు, పెట్టగానే తినడమే. గాదె వెనకాల రెండు ముద్దల తర్వాత ఇన్నాళ్ళకు వేడన్నం. ఇబ్బందల్లా మధ్యాహ్నం దాటాక స్వాములు ఏమీ తినకూడదు. సాయంత్రాలు ఆయన విహారం గోడ దగ్గర నిలబడి ఊళ్ళో తాలింపు వాసనలు పీలుస్తున్నాడని చెప్పుకున్నారు.

ఆఖరిరోజు ఆయన్ని మా వీధికి రానివ్వలేదు. నా కుండ దగ్గర దిగబడిపోతున్నాడని పెద్దస్వామి వేరే వీధికి పంపారు. అక్కడెవరో పాత్రలో ఎండుచేప తల వేశారట. పైగా కాషాయం విడిచే ముహూర్తం పొద్దు వాలాక అని సయా గవీ పెట్టాడు. అంటే ఆయన కొలువుకు వచ్చేసరికి కడుపులో ఎలుకలు కాదు, ఏనుగులే పరిగెడుతున్నాయి.

గుండు మీద చెయ్యి తడుముకుంటూ వచ్చి సింహాసనం ముందు నిలబడ్డారు. రాణిగారు లేవలేదు.

"లే, సందా."

"కాషాయం కట్టినవాడికి ఆస్తీ ఉండదు, ఆలీ ఉండదని మీరే అన్నారు. వదిలేసినది తిరిగి కావాలంటే అడిగి తీసుకోవాలి. తగువు పెట్టుకోండి. పెద్దలున్నారు, తేలుస్తారు."

"నా ఇంట్లో నేను తగువు పెట్టుకోవాలా?"

"గేదె అయినా, కోట అయినా ఆచారం ఒకటే కదండీ."

న్యాయం చెప్పే పెద్ద ఊ నండ గొంతు సవరించుకున్నాడు. తప్పేదేముంది, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. లఫెట్ తెమ్మని వంటశాలకు కబురొచ్చింది. నేను తలుపు సందులోంచి వింటూనే ఉన్నాను. రాజుగారు బాగా మాట్లాడుతున్నారు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. తండ్రి పేరు చెప్పారు, తాత పేరు చెప్పారు, వారం రోజుల కాషాయంతో సింహాసనం పోతే ఈ దేశంలో ఏ ఇల్లు నిలుస్తుంది అన్నారు. ఊ నండ తల ఊపుతున్నాడు. మిగిలిన పెద్దలూ ఊపుతున్నారు. రాణిగారు దగ్గడం మానేసింది.

తగువు దగ్గర పెట్టే లఫెట్ చప్పగా ఉంటుంది. ఉప్పూ నూనే తప్ప ఏమీ కలపరు, అది తిండి కాదు కదా, సాక్ష్యం. నేను కలిపాను. నువ్వులు దోరగా వేయించాను. ఎండు రొయ్యలు నలిపాను. ఆఖర్న, కొలువు గడప పక్కనే కుంపటి పెట్టించి, వెల్లుల్లి రేకలు సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించి, చుయ్యిమంటుండగానే ఆ నూనెతో సహా లఫెట్ మీద పోశాను. ఆకలి రుచెరగదంటారు. అబద్ధం. ఆకలికి తెలిసినంత రుచి ఇంకెవరికీ తెలియదు.

పళ్ళెం ఇద్దరి మధ్యా పెట్టాలి. మధ్యలోనే పెట్టాను, కాకపోతే గాలి ఆయన వైపు వీస్తోంది.

"...మా తాతగారు ఈ కోట గోడ కట్టించిన నాడు..." అంటున్నారు రాజుగారు. ఆగారు. ముక్కుపుటాలు అదిరాయి. "కట్టించిన నాడు..." అన్నారు మళ్ళీ. కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి, కోటలో లేవు అవి, ఏ గాదె వెనకాలో ఉన్నాయి. చెయ్యి దానంతట అదే చాచుకుంది. చిటికెడు కాదు, పిడికెడు తీసి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. కళ్ళు మూసుకున్నారు.

రాణిగారు వంగి, మర్యాదగా చిటికెడు తీసుకుని నోట్లో వేసుకుంది.

రాజుగారు కళ్ళు తెరిచారు. అందరి మొహాలూ చూశారు. పళ్ళెం చూశారు.

"ఆకలేసి తిన్నానయ్యా!"

"ఆకలేసి తిన్నా, అలిగి తిన్నా లఫెట్ లఫెటే ప్రభూ" అన్నాడు ఊ నండ నేల చూపులు చూస్తూ. "తగువు తీరింది. ఉన్నది ఉన్నట్టే."

"గేదె వేరు, రాజ్యం వేరు!"

"నోరు ఆపుకోలేనివాడికి..." అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆ గేదె రైతే అయ్యుంటాడు, ప్రతి కొలువుకూ వచ్చి వెనకాల నిలబడతాడు.

రాజుగారి మొహం కందగడ్డయింది. కోట దళవాయికేసి చూశారు. దళవాయి రాణిగారికేసి చూశాడు. రాణిగారు రెండుసార్లు దగ్గింది. దళవాయి కదల్లేదు. కత్తి దూస్తే ముందు తెగేది నా మెడే, కుంపటి ఇంకా గడప పక్కనే పొగలు కక్కుతోంది.

ఆయన చూపు ఆ కుంపటి మీద పడింది. తర్వాత నా మీద.

"వెల్లుల్లి నువ్వే వేయించావా?"

"అవును ప్రభూ."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

ఒక వేలితో పెదవి మీద నూనె తుడుచుకున్నారు.

"అన్నం కూడా ఉందా?"

వంటశాలలో, అదే గాదె పక్కన, పీట వేసి కూర్చోబెట్టాను. రుచి చూసేవాళ్ళిద్దరూ అలవాటుగా లేచి వచ్చారు. "కూర్చోండ్రా, ఇక ఈయనకు విషం ఎవడు పెడతాడు, ఏం లాభమని?" అన్నాను. ఆయన ఆ మాటకు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు.

"న్యో, గొడుగు ఎక్కింది."

"ఎక్కింది బాబూ."

"నా ఏలుబడి ముగిసింది."

"ముగిసింది."

"నేను చావలేదే!"

"చావలేదు. ముందు తినండి, చల్లారిపోతుంది."

ముద్ద నోట్లో పెట్టుకుని, నాలుక కాలి, హా హా అని గాలి పీలుస్తూ, ఏడుస్తూ నవ్వారు. సయా గవీ చెప్పింది అక్షరాలా జరిగింది, ఇన్నేళ్ళు ఊరికే వణికి చచ్చాం అందరం. ఆ రోజు నుంచి ఆయన రోజూ పొయ్యి పక్కకే వస్తారు. ఉల్లిపాయలు కూడా తరుగుతారు. బాగా తరగలేరు, నేను తిడుతుంటాను.

ఆ రాత్రి ఆయన తిన్నాక, కోటలో మిగతా పని వదిలేసి ఇంటికి పరిగెత్తాను. కో యాన్ మెట్ల ముందు నిలబడి ఉన్నాడు, వార్త అప్పటికే చేరింది. "గొడుగు ఇక దిగదుగా?" అన్నాడు. "దిగదు, ఎక్కు" అన్నాను. ఒక మెట్టు ఎక్కాడు. మోకాళ్ళు కటకటలాడాయి. రెండో మెట్టు మీద నా భుజం పట్టుకున్నాడు. తన చేత్తో తను వేసిన మెట్లే, ఎన్ని ఉన్నాయో మర్చిపోయాడు పిచ్చి ముండాకొడుకు. ఇంట్లో అడుగుపెట్టి, స్తంభాలూ, ఉట్టీ, దూలాలూ అన్నీ తడిమి చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. లఫెట్ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టాను.

"తప్పంతా నాదేనే" అని వెంటనే చెయ్యి చాచాడు.

చెయ్యి మీద ఒక్కటిచ్చాను. "ముందు నా వాదన విను. కూర్చో." పెళ్ళయిన ఏటి నుంచి మొదలుపెట్టాను. వాన, గంప, బురద, పురిటినొప్పులు, ఊళ్ళోవాళ్ళ నవ్వులు, అన్నీ. నేను ఇంకా పెద్దపిల్ల పుట్టిన దగ్గరే ఉన్నాను, ఆయన స్తంభానికి ఆనుకుని గురక పెడుతున్నాడు. లేపలేదు. దుప్పటి కప్పాను.

నెల తిరక్కుండానే కోట నుంచి మనుషులొచ్చారు. సింహాసనం ఎక్కినవాళ్ళెవరైనా పగోడా కట్టించాలి కదా, రాణిగారైతే మాత్రం? "పెద్దమేస్త్రీ కో యాన్‌ను రమ్మన్నారు. దీనికంటే ఎత్తుగా కట్టాలట" అన్నారు మెట్ల కింద నిలబడి.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన లోపల్నుంచి అరిచాడు.

"ఎలా వస్తానయ్యా? మా ఆవిడతో తగువు ఇంకా తేలలేదు. లఫెట్ తినేదాకా ఇల్లు కదలకూడదు, ఆచారం!"

"ఎప్పుడు తేలుతుంది మేస్త్రీ?"

"దాన్నడగండి. ఇంకా రెండో వానాకాలం దగ్గరే ఉంది."

వాళ్ళు నాకేసి చూశారు. నేను లోపలికి వెళ్ళి పళ్ళెంలో లఫెట్ పారబోసి తాజాది పెట్టాను, పాతది ఎండిపోయింది.